‘మామూలు బఫర్’: ఒక కైనేజ్ క్రిస్టల్ కేసు

బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి ఉత్తరానికి వస్తే మా ఫెసిలిటీ. ప్రొటీన్ల ఆకారాలు తేల్చే ఉమ్మడి స్ట్రక్చరల్ బయాలజీ ఫెసిలిటీ అంటే యంత్రాలు మావి, ప్రశ్నలు ఊళ్లో వాళ్లందరివీ. ఏ ల్యాబైనా ఫారం నింపి, స్లాట్ తీసుకుని, గంటల లెక్కన కట్టి వాడుకోవచ్చు. క్రిస్టల్స్ పెట్టే రోబో, ఎక్స్‌రే మెషీన్, 200 కిలోవోల్ట్‌ల క్రయో మైక్రోస్కోప్ ఒక వరసలో ఉంటాయి. కారిడార్ అవతల అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్. ఈ కేసులో యంత్రాలన్నీ చక్కగా పనిచేశాయి. తప్పు వాటి మధ్య కారిడార్‌లో జరిగింది, అందులో నా వాటా కూడా ఉంది. యూజర్ ల్యాబ్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. కాంపౌండ్ వివరాలు, మనుషుల పేర్లు రాయను.

అడిగింది ఒకటి, ఇచ్చింది ఒకటి

ఊరికి దక్షిణాన ఉన్న ఒక కేన్సర్ ల్యాబ్ నుంచి మెయిల్ వచ్చింది. ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్‌లో ఎంజైమ్‌గా పనిచేసే ముక్క (కైనేజ్ డొమైన్), దానికి అతుక్కునే వాళ్ల సొంత కాంపౌండ్, ఆ రెండూ కలిసిన నిర్మాణం కావాలి; క్రయో-ఈఎం (అతిచల్లని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) రెండు రోజులు ఇవ్వండి అని. ఫోన్ చేస్తే ఎత్తింది పీహెచ్‌డీ కుర్రాడు. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. రెండో వాక్యంలోనే యాస దొరికిపోయింది: ఒంగోలు. నాది హిందూపురం అనగానే ‘మేడమ్’ పోయి ‘అక్కా’ వచ్చింది.

"క్రయో ఎందుకు?" అన్నాను.

"ఇప్పుడందరూ అదే చేస్తున్నారుగా అక్కా. క్రిస్టల్స్ అంటే రాలేదంటే రాలేదు, నెలలు పోతాయి."

అతని తప్పేమీ లేదు. 2017లో డుబోషే, ఫ్రాంక్, హెండర్సన్‌లకు నోబెల్ వచ్చిన దగ్గర్నుంచి మాకు వచ్చే ఫారాల్లో సగం ఇలాగే మొదలవుతాయి. కానీ అతని ప్రొటీన్ బరువు 37 కిలోడాల్టన్లు, ఈ పనికి చాలా చిన్నది. మంచులో గడ్డకట్టిన ఒక్కో అణువు నీడను ఏరుకుని, లక్షల నీడలను సరిపోల్చి బొమ్మ కట్టడమే క్రయో-ఈఎం. అణువు చిన్నదైతే నీడలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. 64 కిలోడాల్టన్ల హీమోగ్లోబిన్‌ను 2017లో నీడను ముదురు చేసే ఫేజ్ ప్లేట్ పెట్టి 3.2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతకు (ఈ అంకె ఎంత చిన్నదైతే బొమ్మ అంత స్పష్టం) తెచ్చినప్పుడు అదే పెద్ద విశేషం. జీకేవీకే ప్రాంగణంలో ఎన్‌సీబీఎస్–ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థల దగ్గరున్న 300 కిలోవోల్ట్‌ల టైటన్ క్రయాస్ మైక్రోస్కోప్‌కు పంపినా ఈ సైజు కష్టమే. ఇదే కైనేజ్‌కు ఎర్లొటినిబ్ అనే కేన్సర్ మందుతో కలిసిన క్రిస్టల్ నిర్మాణం 2002లోనే వచ్చింది. తొక్కిన దారి ఉండగా ముళ్లలోకి ఎందుకు? స్లాట్ అడిగిన మనిషికి స్లాట్ వద్దని చెప్పడం మా ఆదాయ లెక్కల్లో ఎక్కడా కనపడదు. నా దృష్టిలో మేం చేసే పనుల్లో అదే ముఖ్యమైనది.

మాట్లాడుతుండగా అతను ఇంకో ప్రశ్న వేశాడు. ప్రొటీన్ ఆకారాన్ని ఊహించి చెప్పే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ ఉండగా ఇదంతా అవసరమా అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబుగా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి మందు గురించి చెప్పాను. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చి ఫలితం చూపించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అది చూడ్డానికి అచ్చం ఫోలిక్ ఆమ్లంలా ఉంటుంది కాబట్టి ఎంజైమ్ గుంతలో కూడా దానిలాగే కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. క్రిస్టల్ నిర్మాణాలు చూస్తే దాని టెరిడిన్ వలయం 180 డిగ్రీలు బోర్లా తిరిగి ఉంది. పోలికను బట్టి ఊహించి ఉంటే తలకిందులు ఊహించేవాళ్లం.

ప్రశ్న ఏమిటి

ఈజీఎఫ్ఆర్ కణం పొర మీదుండే గ్రాహకం. పెరగమని వచ్చే సంకేతాన్ని లోపలికి చేరవేస్తుంది. కొన్ని ఊపిరితిత్తుల కేన్సర్లలో ఎల్858ఆర్ వంటి మార్పు వచ్చి, సంకేతం లేకపోయినా ఇది పనిచేస్తూనే ఉంటుంది. ఈ మార్పులున్న రోగులకు ఈజీఎఫ్ఆర్‌ను అణిచే మందు బాగా పనిచేస్తోందని 2004లో తెలిసింది. మరుసటి ఏడే మందును తట్టుకునే టీ790ఎం అనే మార్పు బయటపడింది. దానికి జవాబుగా వచ్చిన ఓసిమెర్టినిబ్‌కు 2015లో అమెరికాలో అనుమతి దొరికింది. దాని కిటుకు ఏమిటంటే, కణపు ఇంధనమైన ఏటీపీ కూర్చునే గుంత అంచున ఉన్న, గంధకమున్న అమైనో ఆమ్లం సిస్టీన్ 797తో రసాయన బంధం వేసుకుని ఇక వదలదు. అందుకోసం దాని కొసన అక్రిలమైడ్ అనే కొక్కెం ఉంటుంది. తర్వాత ఆ సిస్టీనే సెరీన్‌గా మారి తప్పించుకోవడమూ చూశారు. ఆ కథ వేరు.

మా యూజర్ల కాంపౌండ్‌కూ కొసన అక్రిలమైడ్ కొక్కెమే ఉంది. వాళ్లకు తెలియాల్సింది ఒక్కటే: కొక్కెం సిస్టీన్‌ను అందుకుంటోందా? అందుకుంటుంటే మిగతా భాగాన్ని చెక్కుకుంటూ పోవచ్చు. లేదంటే కొక్కేన్ని మిగతా అణువుకు కలిపే లింకర్ పొడవు మార్చాలి. ఒక కెమిస్ట్ నెలల పని ఈ జవాబు మీద ఆధారపడి ఉంది.

అంతా సాఫీగా సాగింది

ప్రొటీన్‌ను వాళ్లే కీటక కణాల్లో తయారుచేసి, శుద్ధి చేసి, మైనస్ 80లో గడ్డకట్టించారు. డ్రై ఐస్ మీద థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని ఆ కుర్రాడు ఆటోలో వచ్చాడు. హెబ్బాళ ట్రాఫిక్‌లో గంటన్నర ఒళ్లోనే పెట్టుకున్నాడట. తొడలు మొద్దుబారాయన్నాడు. శాంపిల్ ఫారంలో ‘బఫర్ వివరాలు’ (బఫర్ అంటే ప్రొటీన్‌ను ఉంచే ద్రావణం) అన్న గడిలో ఇంగ్లిష్‌లో రెండే మాటలు రాశాడు. తెలుగులో చెప్పాలంటే ‘మామూలు బఫర్’. నేను సంతకం పెట్టి తీసుకున్నాను. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి.

మొదట థర్మల్ షిఫ్ట్. ప్రొటీన్‌లో ఒక రంగు కలిపి మెల్లగా వేడి చేస్తే, అది విచ్చుకునే ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఏదైనా గట్టిగా అతుక్కుంటే ప్రొటీన్ ఇంకాస్త వేడికి తట్టుకుంటుంది. కాంపౌండ్‌ను కరిగించే ద్రావణి డీఎంఎస్‌ఓ ఒక్కదానితో 43 డిగ్రీలు, కాంపౌండ్‌తో 49. ఆరు డిగ్రీలంటే ఎవరైనా ఒప్పుకునే తేడా. ఆ సాయంత్రం దర్శినిలో కాఫీలు అతనే ఇప్పించాడు.

క్రిస్టల్స్ కూడా సతాయించలేదు. కాంపౌండ్ కలిపిన ప్రొటీన్ మిశ్రమాన్ని వాళ్ల ల్యాబ్‌లోనే తయారుచేసి తెచ్చాడు. 96 గుంతల ప్లేట్లలో రోబో 200 నానోలీటర్ల చుక్కలు పెట్టింది. తొమ్మిదో రోజున పెగ్ అనే పాలిమర్ ఉన్న ఒక కండిషన్‌లో సన్నటి పలకలు కనిపించాయి. చేత్తో పెట్టిన పెద్ద చుక్కల్లో అవే దాదాపు 100 మైక్రాన్లకు పెరిగాయి. మా ఎక్స్‌రే మీద 2.9 ఆంగ్‌స్ట్రామ్‌లు ఇచ్చాయి. అంతకన్నా మెరుగ్గా కావాలంటే సింక్రోట్రాన్ అనే చాలా బలమైన ఎక్స్‌రే కేంద్రం కావాలి. ఇండోర్‌లో ఇండస్-2 మీద ప్రొటీన్ క్రిస్టల్స్ కోసమే పీఎక్స్-బీఎల్21 అనే బీమ్‌లైన్ ఉంది. ఈసారి మాకు దొరికిన తారీఖులు మాత్రం యూరప్‌లోని ఒకదానిలో. క్రిస్టల్స్‌ను లూప్‌లలో ఎత్తి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, డ్రై షిప్పర్‌లో పంపాం. నైట్రోజన్‌ను పీల్చుకున్న గోడలే లోపలి చలిని రోజుల తరబడి నిలుపుతాయి. ‘నిటారుగా ఉంచండి’ అని నాలుగు వైపులా అంటించినా ఎక్కడో పడుకోబెట్టారు. చేరేసరికి బాగా తేలికైపోయింది. అదృష్టం, ఇంకా చల్లగానే ఉంది. 14 క్రిస్టల్స్‌లో మూడు మంచి డేటా ఇచ్చాయి, వాటిలో ఒకటి 2.3 ఆంగ్‌స్ట్రామ్‌లకు.

మ్యాప్ చెప్పింది

మోడల్ డేటాతో ఎంత తేడాగా ఉందో చెప్పే ఆర్-ఫ్రీ 24 శాతం. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ప్రపంచానికిచ్చిన, ప్రొటీన్ గొలుసు మెలికల్లో ఏవి సాధ్యమో చూపే ప్లాట్‌లో ఒక్క చుక్క కూడా నిషిద్ధ ప్రాంతంలో లేదు. ఇలాంటి మోడల్‌ను ఏ రివ్యూయరూ వేలెత్తి చూపడు.

గుంతలో, ప్రొటీన్ రెండు ముక్కలను కలిపే హింజ్ దగ్గర, మోడల్‌లో ఇంకా పెట్టనిది ఎక్కడుందో చూపే డిఫరెన్స్ మ్యాప్‌లో పచ్చటి ముద్ద స్పష్టంగా ఉంది. కాంపౌండ్ వలయాలు అందులో ఒదిగాయి. అయితే కొక్కెం వైపు వెళ్లేకొద్దీ సాంద్రత పలచబడి మాయమైంది. మిగిలిన అణువును బట్టి కొక్కెం ఎక్కడుండాలో అక్కడ పెడితే సిస్టీన్ గంధకానికి 3.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఆగింది. కార్బన్–గంధక బంధం ఉంటే ఆ దూరం 1.8 దగ్గర ఉండాలి. పరమాణువులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే బీ-ఫ్యాక్టర్లు కాంపౌండ్‌కు చుట్టుపక్కల అమైనో ఆమ్లాల కంటే రెట్టింపు. అంటే గుంతలో అది కొంత సమయమే ఉందన్నమాట.

మేం ముగ్గురం, అంటే ఆ కుర్రాడు, వాళ్ల ల్యాబ్ పెద్ద (పీఐ), నేను, స్క్రీన్ ముందు కూర్చుని ఒకే మాట అనుకున్నాం: కొక్కెం అందట్లేదు. లింకర్ పొట్టిదైంది. పీఐ ఆ సాయంత్రమే కెమిస్ట్‌కు మెయిల్ పెట్టారు. ఒక కార్బన్ ఎక్కువున్నవి, ఆ తర్వాత రెండున్నవి, మొత్తం నాలుగు కొత్త అణువులు. వాటికి రెండు నెలలు పట్టింది.

బీ-ఫ్యాక్టర్లు చూసినప్పుడే నేను ఆగి ఉండాల్సింది. ట్యూబులో ఆరు డిగ్రీల తేడా తెచ్చిన కాంపౌండ్ క్రిస్టల్‌లో సగం ఖాళీగా ఎందుకుంది? ఈ రెండు ఫలితాలు నా దగ్గర రెండు వేర్వేరు ఫోల్డర్లలో, రెండు వేర్వేరు బుకింగ్ నంబర్ల కింద ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఎక్కడ తేడా కొట్టింది

నాలుగు కొత్త అణువులూ థర్మల్ షిఫ్ట్‌లో పాతదానికంటే నాసిగా వచ్చాయి. ఒకటైతే ఒకటిన్నర డిగ్రీ దాటలేదు. అదే వారం ఆ కుర్రాడు ప్రొటీన్లను గుర్తుపట్టే వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష ఫలితం ఒకటి పట్టుకొచ్చాడు. కేన్సర్ కణాలకు పాత కాంపౌండ్ గంటసేపు ఇచ్చి, బాగా కడిగేసి, ఆరు గంటల తర్వాత చూస్తే ఈజీఎఫ్ఆర్ ఇంకా అణిగే ఉంది. ఊరికే అతుక్కున్నదైతే కడిగితే పోవాలి.

"కణాల్లో అందుతోంది, క్రిస్టల్‌లో అందట్లేదు. ఎట్లక్కా?" అన్నాడు.

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. "ప్రొటీన్, కాంపౌండ్ ఎలా కలిపావు? చేత్తో చేసినట్టే చెప్పు."

"కాంపౌండ్‌ని డైరెక్టుగా పోస్తే ప్రొటీన్ విరిగిపోతుందని మా సీనియర్ చెప్పాడక్కా. అందుకే రాత్రే మన బఫర్‌లో కలిపి కోల్డ్ రూమ్‌లో పెట్టా. పొద్దున అడుగున దిగింది వడకట్టి, ప్రొటీన్‌లో పోశా."

"బఫర్‌లో ఏముంది?"

"మామూలేనక్కా. ట్రిస్ పీహెచ్ 8, సోడియం క్లోరైడ్, కొంచెం గ్లిసరాల్, 5 మిల్లీమోలార్ డీటీటీ."

డీటీటీ. ప్రొటీన్‌లోని సిస్టీన్లు ఒకదానికొకటి ముడిపడకుండా అందరూ అలవాటుగా వేసేది. దానికి రెండు కొసలా గంధకం ఉంటుంది. అక్రిలమైడ్ కొక్కెం వెతికేదే గంధకాన్ని. పీహెచ్ 8 దగ్గర రాత్రంతా, కాంపౌండ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ డీటీటీతో ఒకే ట్యూబులో ఉంటే, పొద్దున ప్రొటీన్‌ను చూసేసరికి ఆ కొక్కేనికి డీటీటీ తగులుకునే ఉంటుంది. థర్మల్ షిఫ్ట్‌లో మాత్రం కాంపౌండ్‌ను నేరుగా డీఎంఎస్‌ఓ సీసాలోంచి పోశాం, ప్రొటీన్‌ను కూడా బాగా పలచన చేశాం. డీటీటీకి అక్కడ అవకాశమే లేదు.

ఆ సీనియర్ చెప్పిన పద్ధతి తప్పు కాదు. బంధం వేసుకోని మందులకు అది మంచి జాగ్రత్త. ఈ మందుకు మాత్రం అది నోట్లో గుడ్డలు కుక్కడం.

అనుమానం వేరు, రుజువు వేరు. మైనస్ 80లో అప్పటి మిశ్రమం ఒక ట్యూబు మిగిలుంది. కారిడార్ దాటి మాస్ స్పెక్ దగ్గరికి తీసుకెళ్లాం. ముందు చిన్న అణువును చూశాం. కాంపౌండ్ ఒక ప్రోటాన్‌తో కలిపి 483 దగ్గర కనపడాలి. అక్కడ ఏమీ లేదు. 637 దగ్గర మాత్రం తాటిచెట్టంత పీక్ ఉంది. నేను తీసివేత చేసేలోగానే మాస్ స్పెక్ చూసే చిత్తూరు అబ్బాయి "154 ఎక్కువ మేడమ్, డీటీటీ కదా ఇది" అన్నాడు. అతనికి ఇది రోజూ కనిపించే చెత్త. మాకు రెండు నెలల జవాబు. అతన్ని మొదటి వారంలోనే పిలిచి ఉంటే అరగంట పని.

తర్వాత ప్రొటీన్‌ను చూశాం. పాత మిశ్రమంలో దాని బరువు పెరగలేదు. కొత్తగా కరిగించిన ప్రొటీన్‌లో కాంపౌండ్‌ను నేరుగా పోస్తే, డీటీటీ ఉన్నా, సగానికి పైగా 482 పెరిగింది. డీసాల్టింగ్ కాలమ్‌లో డీటీటీ తీసేసి పోస్తే మొత్తం పెరిగింది, ఒక్కసారే. అంటే కొక్కెం ఒకే చోట పడింది.

అంటే మా మ్యాప్ అబద్ధం చెప్పలేదు. చుక్కలో ఉన్నది నోరు మూసుకుపోయిన కాంపౌండ్. దాని వలయాలు హింజ్‌కు ఇంకా అతుక్కోగలవు, కాకపోతే బలహీనంగా. అందుకే సగం నిండిన ముద్ద. డీటీటీ తోక నీళ్లలో అటూ ఇటూ ఊగుతుంటే దాని సాంద్రత కనపడదు. మ్యాప్ చుక్కలో ఉన్నదాన్ని నిజాయితీగా చూపించింది. చుక్కలో ఏముందో మేమే తెలుసుకోలేదు.

మళ్లీ

రెండోసారి అంత సులువు కాలేదు. డీటీటీ తీసేస్తే ప్రొటీన్ రెండు రోజుల్లో ముద్ద కట్టేది. బదులుగా అదే పని చేసే టీసెప్ వాడదామని పీఐ అన్నారు. అది ఫాస్ఫీన్, ఇలాంటి కొక్కేల మీద అదీ చెయ్యి వేయగలదు కాబట్టి నేను ఒప్పుకోలేదు. చివరికి క్రమం ఇలా కుదిరింది: పొద్దున డీసాల్టింగ్, వెంటనే కాంపౌండ్, గంటకు మాస్ స్పెక్‌లో మొత్తం అతుక్కుందని చూసుకోవడం, మిగిలిపోయిన కాంపౌండ్ తీసేసి మధ్యాహ్నానికి ప్లేట్లు. మాస్ స్పెక్ కాగితం చేతికొస్తే గానీ రోబో ముట్టుకోకూడదని నియమం పెట్టాను.

పాత కండిషన్‌లో క్రిస్టల్స్ రాలేదు. కుర్రాడు దిగాలుపడ్డాడు గానీ నాకైతే అది మంచి సూచన అనిపించింది. కాంపౌండ్ నిజంగా బంధం వేసుకుంటే ప్రొటీన్ ఆకారంలో ఎంతో కొంత మార్పు వస్తుంది, పాత అమరిక కుదరకపోవచ్చు. పాత క్రిస్టల్స్‌నే గాజుపూసతో నలగ్గొట్టి, విత్తనాలుగా కొత్త చుక్కల్లో చల్లాం. మూడు వారాలకు, పీహెచ్ కాస్త తక్కువున్న వరసలో, పలకలు కాకుండా మొద్దుగా ఉన్న క్రిస్టల్స్ వచ్చాయి. 2.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈసారి సాంద్రత హింజ్ నుంచి సిస్టీన్ గంధకం దాకా తెగకుండా ఉంది. 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. బీ-ఫ్యాక్టర్లు చుట్టుపక్కలవాటితో సమానం. లింకర్ పొడవు మొదటి నుంచీ సరైనదే.

కెమిస్ట్‌కు ఈ మాట చెప్పింది పీఐయే. ఆ ఫోన్ నేను వినలేదు, వినాలనీ అనుకోలేదు.

మేం మార్చుకున్నవి

ఉమ్మడి ఫెసిలిటీల్లో ప్రతి యంత్రానికీ ఒక బుకింగ్, ఒక లాగిన్, ఒక బిల్లు. శాంపిల్ మాత్రం అన్నిటి గుండా నడుస్తుంది. దాని వెంట నడిచే మనిషి ఎవరూ లేరు. యూజర్ తన పని తాను చేస్తాడు, ఆపరేటర్ తన యంత్రం చూసుకుంటాడు. సొంత ల్యాబ్‌లోనైతే ఒకరి బెంచీ మీది సంగతి పక్కవాడికి చెవిన పడుతుంది, మా దగ్గర ఆ చెవి కూడా ఉండదు. ఇప్పుడు బుకింగ్ నంబర్ యంత్రానికి కాదు, శాంపిల్‌కు. థర్మల్ షిఫ్ట్ గ్రాఫు, మాస్ స్పెక్ పీకు, క్రిస్టల్ ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో పడతాయి.

బఫర్ గడిని విడగొట్టాం. ప్రతి పదార్థం, గాఢత, పీహెచ్ విడివిడిగా రాయాలి. ‘కాంపౌండ్‌ను దేనిలో, ఎప్పుడు, ఎంతసేపు ముందు కలిపారు’ అని కొత్త వరస చేర్చాం. బంధం వేసుకునే కాంపౌండ్లకు ప్లేట్లు పెట్టేముందు మాస్ స్పెక్ తప్పనిసరి, దానికి డబ్బు తీసుకోం. ఈ చివరిదాని మీద యూజర్ కమిటీలో గంటసేపు వాదన జరిగింది. ఉచితంగా చేస్తే మెషీన్ కాంట్రాక్ట్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారని ఒకరు అడిగారు. నాలుగు అణువుల తయారీకి ఎంతయిందో మా యూజర్ పీఐ లేచి చెప్పారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

చిత్తూరు అబ్బాయి పేరు పేపర్ ముసాయిదాలో కృతజ్ఞతల వరుసలో ఉంది. రచయితల్లో ఉండాలని నేనన్నాను. మా పనివాళ్ల విషయంలో ఈ మాట ఎప్పుడూ నేనే ఎత్తాల్సి వస్తుంది, ఈసారి మాత్రం పీఐ వెంటనే ఒప్పుకున్నారు.

ఒక్కటి మాత్రం తేలలేదు. మొదటి 2.3 ఆంగ్‌స్ట్రామ్‌ల డేటాను ఏం చేయాలి? కొత్త నిర్మాణాన్ని ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో జమ చేస్తున్నారు. పాతదాన్ని కూడా, డీటీటీ తగులుకున్న కాంపౌండ్ అని స్పష్టంగా పేరు పెట్టి, పక్కనే జమ చేయమని నా వాదన. ఇలాంటి కొక్కెంతో ఇలాంటి ముద్ద చూసిన వేరేవాళ్లకు పనికొస్తుంది. తోక సాంద్రత కనపడకుండా దాని పేరెలా పెడతామని పీఐ సందేహం, అదీ న్యాయమే. మాస్ స్పెక్ కాగితం ఉంది కదా అంటాను నేను. ఆ ఫోల్డర్ నా కంప్యూటర్‌లో ఇంకా తెరిచే ఉంది.